మొదటి ఇంటర్వ్యూకు మూడు వారాలు: ఒక ప్రాజెక్టు డైరీ

1వ రోజు

టెక్నాలజీ అప్రెంటిస్‌షిప్‌కు పెట్టుకున్న దరఖాస్తు మొదటి వడపోత దాటిందని ఈ ఉదయం కబురు వచ్చింది. ఇంటర్వ్యూకు సరిగ్గా మూడు వారాల గడువు ఉంది. వీడియో కాల్‌లో 45 నిమిషాలు మాట్లాడతారట. మొదట నా గురించి కొంత సంభాషణ, తర్వాత నేను సొంతంగా చేసిన ఒక పని మీద చర్చ, చివర వాళ్లిచ్చే ఒక చిన్న సమస్యను వాళ్ల ముందే ఆలోచిస్తూ పరిష్కరించడం ఉంటాయని రాశారు. ఇంతకుముందు నేను ఏ ఇంటర్వ్యూకూ వెళ్లలేదు. అందువల్ల ఈ సన్నాహాన్నే ఒక ప్రాజెక్టుగా నడపాలని, ఏ రోజు ఏం ప్రయత్నించానో, ఏది పనిచేసిందో, ఏది బెడిసికొట్టిందో దాచకుండా ఇక్కడ రాసిపెట్టుకోవాలని నిర్ణయించుకున్నాను.

ముందుగా ప్రకటనను కాగితం మీద తీసుకుని, పెన్సిల్‌తో క్రియాపదాల కింద గీతలు గీస్తూ చదివాను. ఇది చిన్న పనిలా కనిపించినా నా ఆలోచనను మార్చింది. ఫలానా ప్రోగ్రామింగ్ భాష వచ్చి ఉండాలన్న మాట ఆ ప్రకటనలో ఒక్కసారే ఉంది, అదీ ‘పరిచయం ఉంటే మంచిది’ అన్న తరహాలో. ‘నేర్చుకోవాలి’, ‘అడగాలి’, ‘వివరించాలి’, ‘చేసినది రాసిపెట్టాలి’ అన్న మాటలు మాత్రం మళ్లీ మళ్లీ వచ్చాయి. అప్రెంటిస్‌షిప్ అంటే పని చేస్తూ నేర్చుకోవడం, నేర్చుకుంటూ పని చేయడం. పని పూర్తిగా వచ్చినవాళ్లే కావాలనుకుంటే వాళ్లు ఉద్యోగ ప్రకటన ఇచ్చేవారు. కాబట్టి నాకు ఎంత తెలుసన్నదాని కంటే, తెలిసినదాన్ని ఎలా చెబుతానో, తెలియనిదాని ముందు ఎలా నిలబడతానో చూస్తారని అర్థం చేసుకున్నాను.

ప్రాజెక్టు అన్నాక కొలత ఉండాలి కాబట్టి రెండు పెట్టుకున్నాను. మొదటిది, ఏ జవాబూ మొదటి దఫాలో 2 నిమిషాలు దాటకూడదు. రెండోది, నా దరఖాస్తులో రాసిన ఏ వాక్యం మీదైనా, నా ప్రోగ్రాంలోని ఏ వరుస మీదైనా వరుసగా మూడుసార్లు ‘ఎందుకు’ అని అడిగితే నా దగ్గర నిజమైన జవాబు ఉండాలి.

2వ రోజు

‘మీ గురించి చెప్పండి’ అన్న ప్రశ్నకు ఏ తయారీ లేకుండా జవాబు చెప్పి ఫోన్‌లో రికార్డు చేశాను. 4 నిమిషాల 10 సెకన్లు వచ్చింది. తర్వాత వింటూ ఉన్నదున్నట్టు కాగితం మీద రాశాను. బడి దగ్గర మొదలుపెట్టాను, చదువుల వరుస అంతా చెప్పాను, కంప్యూటర్ల మీద ఆసక్తి చిన్నప్పటి నుంచీ ఉందన్నాను. నేను నిజంగా ఏం చేశానన్న మాట 3 నిమిషాలు గడిచాక గానీ రాలేదు. వినేవాళ్లు అంతసేపు ఓపిక పట్టాలని కోరడం న్యాయం కాదు.

జవాబును తలకిందులు చేసి మళ్లీ రాశాను. ఇప్పుడు ఏం చేస్తున్నానన్నది మొదటి వాక్యం అయింది. ఆ దారిలోకి ఎలా వచ్చానన్నది రెండు మూడు వాక్యాల్లోకి కుదిరింది. ఈ అప్రెంటిస్‌షిప్‌నే ఎందుకు కోరుకుంటున్నానన్నది చివరికి చేరింది. ఐదోసారి రికార్డు చేసేసరికి నిమిషం 40 సెకన్లకు వచ్చింది. అయితే వాక్యాలను కంఠస్థం చేయకూడదని కూడా అప్పుడే తెలిసింది, ఎందుకంటే నాలుగో రికార్డింగ్‌లో ఒక మాట మరచిపోగానే ఆ వెనకున్నదంతా చెదిరిపోయింది. వాక్యాలు వదిలేసి, మూడు మైలురాళ్లు మాత్రం గుర్తుంచుకుంటున్నాను.

4వ రోజు

చర్చకు ఏ పని చూపించాలన్న ప్రశ్నకు నా దగ్గర ఒకటే నిజాయితీ గల జవాబు ఉంది. ఏడాది కిందట పైథాన్‌లో నేను రాసుకున్న ఒక చిన్న పనిముట్టు అది. ఒక ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లన్నీ చూసి, పేర్లు వేరైనా లోపలి సమాచారం ఒకటే అయిన నకళ్లను పట్టుకుంటుంది. ఇంట్లో ఫోటోలు మూడు ఫోన్ల నుంచి, రెండు పాత డిస్కుల నుంచి ఒకేచోటికి చేరి 18 వేల ఫైళ్లు అయినప్పుడు అవసరం కొద్దీ రాశాను. పెద్ద పని కాదు, కానీ మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా నాది.

నాది అని అనుకున్నాను. ఈ రోజు కోడ్ తెరిచి ఒక్కో వరుస మీద ‘ఎందుకు’ అని అడగడం మొదలుపెట్టగానే ఆ నమ్మకం సడలింది. ఫైలును ఒక్కసారిగా చదవకుండా 65,536 బైట్ల ముక్కలుగా చదువుతున్నాను. ఎందుకు ముక్కలుగా? ఎందుకు ఆ అంకె? ఎక్కడో చూసిన ఉదాహరణ నుంచి ఎత్తి రాసిన వరుస అది. అలాంటివి మొత్తం మూడు దొరికాయి. అర్థం చేసుకోవడమో తీసేయడమో తప్ప మధ్యేమార్గం లేదని నియమం పెట్టుకుని మధ్యాహ్నమంతా వాటి మీదే కూర్చున్నాను.

ముక్కల సంగతి ప్రయోగంతో తేలింది. సుమారు 4 జీబీ ఉన్న వీడియో ఫైలును ఒకేసారి చదివించి చూస్తే ప్రోగ్రాం దాదాపు అంత మెమరీనీ ఆక్రమించి, కంప్యూటర్ మిగతా పనులన్నిటినీ నెమ్మదింపజేసింది. ముక్కలుగా చదివినప్పుడు మెమరీ వాడకం కదలనైనా కదలలేదు. ముక్క పరిమాణాన్ని 1,024కు తగ్గిస్తే పని నెమ్మదించింది, పదింతలు పెంచితే చెప్పుకోదగ్గ లాభం లేదు. 65,536 అంటే 2ను 16సార్లు గుణించగా వచ్చే సంఖ్య. అందులో మహిమేమీ లేదు, అది తగినంత పెద్దదీ, మెమరీకి భారం కానంత చిన్నదీ. ఇప్పుడు ఈ వరుస నాదని చెప్పుకోగలను. మిగిలిన రెండింటిలో ఒకటి అర్థమైంది, రెండోది అనవసరమని తేలి తీసేశాను.

కోడ్‌లో చేసే మార్పులను వరుసగా భద్రపరిచే గిట్‌లో నా పని చరిత్ర కూడా చూశాను. నా కమిట్ సందేశాల్లో, అంటే మార్పును భద్రపరిచిన ప్రతిసారీ రాసే చిన్న వివరణల్లో, సగం ‘మార్పులు’, ‘సరిచేశాను’ అన్న మాటలే. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్ పని కోసం గిట్ తయారుచేసినప్పుడు, వేలమంది చేసే మార్పుల్లో ఏది ఎవరు చేశారో తేల్చుకోగలగడం దాని ముఖ్య ప్రయోజనాల్లో ఒకటి. నేను ఒక్కడినే అయినా, ఏడాది తర్వాతి నేను ఆ సందేశాలకు కొత్తవాడినే. పాత చరిత్రను దిద్దడం మోసం అవుతుంది కాబట్టి దాన్ని అలాగే ఉంచి, ఈ రోజు నుంచి ప్రతి కమిట్‌లో ఏం మార్చానన్నదే కాక ఎందుకు మార్చానన్నది కూడా ఒక వాక్యంలో రాస్తున్నాను.

7వ రోజు

ఈ మూడు వారాల్లో అన్నిటికంటే ఎక్కువ నేర్పిన గంట ఇదేనని ఇప్పుడే రాసిపెట్టగలను. అక్కను ఎదురుగా కూర్చోబెట్టుకుని నా పనిముట్టు ఎలా పనిచేస్తుందో చెప్పాను. అక్క లెక్కల విభాగంలో పనిచేస్తుంది, ప్రోగ్రామింగ్‌తో పరిచయం లేదు.

ముందు ఫైళ్లను పరిమాణాన్ని బట్టి గుంపులు చేస్తానని, పరిమాణం వేరైతే లోపలిది ఒకటే అయ్యే వీలు లేదు కాబట్టి అక్కడే చాలా పని తప్పుతుందని చెప్పాను. 18 వేల ఫైళ్లలో ఇలా వడకట్టాక లోపలికి చూడాల్సినవి 2,300 మాత్రమే మిగిలాయి. వాటికి షా-256 పద్ధతిలో హ్యాష్, అంటే లోపలి సమాచారం నుంచి లెక్కించే వేలిముద్రలాంటి సంఖ్య, కడతానని, ఫైలు ఎంత పెద్దదైనా హ్యాష్ ఎప్పుడూ 256 బిట్లే ఉంటుందని, అంటే పదికి బదులు 16 గుర్తులతో రాసే లెక్కలో 64 అక్షరాలని చెప్పాను. రెండు ఫైళ్ల హ్యాష్‌లు ఒకటైతే ఫైళ్లూ ఒకటేనన్నాను.

అక్క వెంటనే, “మొత్తం కలిసినంత మాత్రాన పద్దులు కలిసినట్టు కాదురా. ఒకచోట 500 ఎక్కువ, ఇంకోచోట 500 తక్కువ రాసినా మొత్తం కలుస్తుంది. మరి నీ హ్యాష్‌కు ఆ గొడవ లేదా?” అని అడిగింది.

నాకు కాసేపు జవాబు తోచలేదు. ఏడాదిగా వాడుతున్న వస్తువు గురించి ఇంత సూటి ప్రశ్న నేను ఎప్పుడూ వేసుకోలేదు. ఆలోచించి చెప్పిన జవాబు ఇది. ఫైలులోని బైట్లను ఊరికే కూడితే అక్క చెప్పిన చిక్కే వస్తుంది, బైట్లు తారుమారైనా మొత్తం మారదు. షా-256 కూడికతో ఆగదు, తిప్పడం, కలపడం వంటి పనులను 64 విడతలు చేస్తుంది. అందువల్ల లోపల ఒక్క బిట్ మారినా ఫలితంలో సుమారు సగం బిట్లు మారిపోతాయి. ఒకచోటి తప్పును ఇంకోచోటి తప్పుతో సరిపెట్టడం దాదాపు అసాధ్యం. అయినా ఫైళ్లు ఎన్నయినా ఉండవచ్చు, హ్యాష్‌లు మాత్రం లెక్కకు లోబడినన్నే ఉన్నాయి కాబట్టి, ఒకే హ్యాష్ గల రెండు వేర్వేరు ఫైళ్లు సిద్ధాంతపరంగా ఉండి తీరాలి. ఎండీ5 అనే పాత పద్ధతిలో అలాంటి జంటలను 2004లో చూపించారు, షా-1కు 2017లో చూపించారు. షా-256కు మాత్రం ఇంతవరకు ఎవరూ చూపలేదు. నా ఫోటోలకు ఆ భద్రత చాలునన్నాను.

“చాలునని నువ్వనుకుంటే సరే. తీసేసే ముందు ఒకసారి పక్కపక్కన పెట్టి చూస్తే పోయేదేముంది?” అంది అక్క. నిజమే, పోయేది కొంచెం సమయం మాత్రమే. హ్యాష్ కలిసిన జంటలను కదిలించే ముందు బైటు బైటుగా పోల్చే మార్పును ఆ రాత్రే చేశాను. రెండు మొత్తాల తేడా 9తో భాగింపబడితే ఎక్కడో ఒక సంఖ్యలోని రెండు అంకెలు తారుమారయ్యాయేమోనని ముందుగా చూస్తామని కూడా అక్క చెప్పింది. తప్పు తన జాడను తన ఆకారంలోనే వదిలి వెళుతుందన్నమాట. ప్రోగ్రాంలో తప్పు వెతకడం గురించి ఎవరైనా అడిగితే ఈ ఉదాహరణే చెప్పాలని ఉంది.

9వ రోజు

ప్రాథమిక విషయాలు. బ్రౌజర్‌లో ఒక చిరునామా కొట్టి ఎంటర్ నొక్కితే ఏం జరుగుతుందన్నది ఇలాంటి ఇంటర్వ్యూల్లో తరచు వినిపించే ప్రశ్న. చదివి అప్పజెప్పడం కాక చేసి చూడాలనుకున్నాను.

పేరును అంకెల చిరునామాగా మార్చేది డీఎన్‌ఎస్. పాల్ మొకపెట్రిస్ 1983లో దానికి రూపం ఇచ్చారు. అంతకుముందు నెట్‌వర్క్‌లోని యంత్రాల పేర్లన్నీ ఒకే ఫైలులో రాసి పంచుకునేవారు. ఇది చదివినప్పుడు అర్థమైనట్టే అనిపించింది. పరీక్షించడానికి నా కంప్యూటర్‌లోని డీఎన్‌ఎస్ సర్వర్ చిరునామాను కావాలనే తప్పుగా మార్చాను. ఏ సైటూ తెరుచుకోలేదు, చూసేవాళ్లకు ఇంటర్నెట్ పోయినట్టే ఉంటుంది. అయితే ముందుగా రాసిపెట్టుకున్న అంకెల చిరునామాకు పింగ్, అంటే ‘ఉన్నావా’ అని అడిగే చిన్న సందేశం, పంపితే జవాబు వచ్చింది. దారి బాగానే ఉంది, దారి చెప్పే మనిషే లేడు. ఆ అంకెలనే బ్రౌజర్‌లో కొడితే సైటు తెరవడానికి బదులు ఆ సైటు అసలైనదేనని చూపే సర్టిఫికెట్ సరిపోలలేదన్న హెచ్చరిక వచ్చింది, ఎందుకంటే అక్కడి సర్టిఫికెట్ పేరు మీద ఉంది గానీ అంకెల మీద లేదు. ఈ హెచ్చరికను ఇంతకుముందు ఎన్నోసార్లు చూశాను, కారణం మాత్రం ఈ రోజే కళ్లారా చూశాను.

తర్వాత రౌటర్‌లో చిరునామాలు పంచే డీహెచ్‌సీపీని ఆపేసి కంప్యూటర్‌ను మళ్లీ కలిపాను. అది కాసేపు ఎదురుచూసి, తనకు తానే 169.254తో మొదలయ్యే చిరునామా పెట్టుకుంది. ఆ అంకెలు కనిపిస్తే నాకు చిరునామా ఇచ్చేవారు దొరకలేదని యంత్రం చెబుతున్నట్టు. ఇంటర్నెట్ రావడం లేదన్న ఒకే ఫిర్యాదు వెనుక ఇన్ని వేర్వేరు కారణాలు ఉండవచ్చని, వాటిని ఒక్కొక్కటిగా విడదీయడానికి ఒకసారి ఒక్కటే మార్చి చూడాలని ఈ రెండు ప్రయోగాలు నేర్పాయి. పింగ్‌కు జవాబు రాకపోతే అవతలి యంత్రం పనిచేయడం లేదని కూడా తేల్చకూడదు, చాలాచోట్ల ఆ రకం సందేశాలను కావాలనే అడ్డుకుంటారు.

ఆ తర్వాతి మెట్లు, అంటే టీసీపీ మూడు సందేశాలతో కలయిక కుదుర్చుకోవడం, టీఎల్‌ఎస్ రహస్యపు తాళాలు సరిచూసుకోవడం, 443వ పోర్టు మీద హెచ్‌టీటీపీఎస్ విన్నపం వెళ్లడం, వీటిని బొమ్మ గీసి చెప్పుకున్నాను. నా జవాబు మొదటిసారి 5 నిమిషాలు పట్టింది, తగ్గించాలి.

12వ రోజు

కాగితం మీద చిన్న సమస్యలు. ఒక పదంలో ఒక్కసారే వచ్చే మొదటి అక్షరాన్ని కనుక్కోవడం, బ్రాకెట్లు సరిగ్గా మూసుకున్నాయో లేదో చూడటం, వరుసలో పేర్చిన అంకెల్లో ఒకదాన్ని వెతకడం. ఇవి చేయగలను. చేస్తూ మాట్లాడటమే కష్టంగా ఉంది. ఆలోచన మొదలవగానే నోరు మూసుకుపోతుంది. రికార్డింగ్‌లో ఒకచోట 50 సెకన్లు పూర్తి నిశ్శబ్దం. చూసేవాళ్లకు ఆ 50 సెకన్లలో నేను ఆలోచిస్తున్నానో చిక్కుకుపోయానో తెలిసే మార్గం లేదు.

దీనికి ఒక అలవాటు చేసుకుంటున్నాను. కలం పెట్టే ముందు సమస్యను నా మాటల్లో తిరిగి చెప్పడం, ఒక చిన్న ఉదాహరణ చేత్తో చేయడం, ఖాళీ పదం ఇస్తే ఏం కావాలని అడగడం. తర్వాత ఎక్కువ శ్రమ పడే పద్ధతినైనా సరే ముందు చెప్పేసి, దాన్నెలా మెరుగుపరచవచ్చో చూడటం. వరుసలో పేర్చిన అంకెల్లో ప్రతిసారీ మధ్యదాన్ని చూసి, అక్కర్లేని సగాన్ని వదిలేస్తూ, అంటే మధ్యకు విరుస్తూ వెతికితే 1,000 అంకెలకు 10 చూపులు, 10 లక్షల అంకెలకు 20 చూపులు చాలునని చేత్తో సరిచూసినప్పుడు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు. ఇంత సరళంగా కనిపించే ఈ పద్ధతిలోనే, జావా అనే ప్రోగ్రామింగ్ భాషతో పాటు వచ్చే సిద్ధంగా ఉన్న కోడ్‌లో (లైబ్రరీలో) ఒక తప్పు ఏళ్ల తరబడి ఉండిపోయిందని, దాన్ని రాసిన జాషువా బ్లాకే 2006లో రాశారు. మధ్య స్థానం కోసం రెండు చివరలను కూడినప్పుడు వరుస మరీ పెద్దదైతే ఆ మొత్తం దానికి కేటాయించిన చోటులో పట్టక పొంగిపోవడమే ఆ తప్పు. ఇంటర్వ్యూలో తప్పు చేస్తానేమోనన్న భయం ఇది చదివాక కాస్త సద్దుమణిగింది. తప్పులు అందరి కోడ్‌లోనూ ఉంటాయి, వాటిని పట్టుకునే పద్ధతి ఉందా లేదా అన్నదే ప్రశ్న.

13వ రోజు

ఏమీ చేయలేదు. తలనొప్పిగా ఉంటే పడుకున్నాను.

15వ రోజు

‘మీరు చేసిన ఒక పొరపాటు గురించి చెప్పండి’ అన్న ప్రశ్నకు తయారయ్యాను. నా దగ్గర నిజమైన పొరపాటే ఉంది.

పనిముట్టు తయారైన కొత్తలో, నకళ్లను నేరుగా చెరిపేసేలా రాశాను. ఒక రోజు దాన్ని ఫోటోల ఫోల్డర్ మీద కాక, పొరపాటున దాని పైనున్న ఫోల్డర్ మీద నడిపాను. అందులో నా పైథాన్ ప్రాజెక్టులు కూడా ఉన్నాయి. పైథాన్ ప్యాకేజీల ఫోల్డర్లలో ‘ఇనిట్’ అనే పేరుతో ఫైళ్లు ఉంటాయి, అవి చాలాసార్లు పూర్తిగా ఖాళీగా ఉంటాయి. ఖాళీ ఫైళ్లన్నిటికీ పరిమాణం సున్నా, హ్యాష్ కూడా ఒకటే. కాబట్టి నా ప్రోగ్రాం దృష్టిలో అవన్నీ ఒకదానికొకటి నకళ్లు. ఒక్కదాన్ని ఉంచి మిగిలినవన్నీ చెరిపేసింది.

వెంటనే తెలియకపోవడమే ఇందులో నన్ను ఎక్కువ కలవరపెట్టింది. మర్నాడు ఆ ప్రాజెక్టుల పరీక్షలు, అంటే కోడ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో తమంతట తామే చూసే చిన్న ప్రోగ్రాంలు, నడిపితే అన్నీ నెగ్గినట్టే చూపించింది. రెండు రోజులకు గానీ ఆ ఫలితంలో ఎన్ని నడిచాయో చెప్పే అంకెను చూడలేదు. 34 పరీక్షలు నడవాల్సిన చోట 9 మాత్రమే నడిచాయి. ఇనిట్ ఫైళ్లు లేని లోపలి ఫోల్డర్లలోకి పరీక్షలను వెతికే భాగం వెళ్లలేదు, వెళ్లలేదని ఫిర్యాదు కూడా చేయలేదు. ఆ ప్రాజెక్టులు గిట్‌లో ఉన్నందువల్ల పోయినవి తిరిగి వచ్చాయి. ఆ తర్వాత పనిముట్టులో మూడు మార్పులు చేశాను. ఖాళీ ఫైళ్లను ముట్టుకోదు. ఏమీ చెప్పకుండా నడిపితే జాబితా చూపించి ఆగుతుంది. కదిలించమని చెప్పినా చెరిపేయకుండా వేరే ఫోల్డర్‌లోకి తరలిస్తుంది. పరీక్షలు నెగ్గాయా అన్నదే కాక ఎన్ని నడిచాయన్నది కూడా చూడటం నాకు అలవాటైంది.

ఇలాంటి జవాబులకు పరిస్థితి, నా బాధ్యత, నేను చేసిన పని, ఫలితం అన్న నాలుగు మెట్ల వరుస చాలామంది సూచిస్తారు, అది నాకూ ఉపయోగపడింది. కానీ రికార్డు చేసి కాగితం మీద పెట్టాక అంతకంటే పెద్ద లోపం ఒకటి బయటపడింది. ‘స్క్రిప్టు రాయడం జరిగింది’, ‘ఫైళ్లు చెరిపేయడం జరిగింది’, ‘తప్పును గుర్తించడం జరిగింది’. 4 నిమిషాల్లో 11 ‘జరిగింది’లు ఉన్నాయి. మర్యాదగా మాట్లాడాలనుకున్నప్పుడు మన నోటికి తేలికగా వచ్చే మాట ఇది. మంచి చేసినా చెడు చేసినా చేసినవాణ్ణి దాచేస్తుంది. వినేవాళ్లు తెలుసుకోవాలనుకునేదేమో సరిగ్గా ఆ చేసిన మనిషి గురించే. 11 చోట్లా ‘నేను రాశాను’, ‘నేను చూడకుండా నడిపాను’, ‘నేను గుర్తించాను’ అని మార్చి మళ్లీ చెప్పాను. జవాబు పొట్టిగా అయింది. చెప్పడానికి మాత్రం ముందుకంటే ధైర్యం కావలసివచ్చింది.

17వ రోజు

నేను వాళ్లను అడగాల్సిన ప్రశ్నలు రాసుకున్నాను. పనికీ చదువుకూ వారంలో సమయం ఎలా పంచుతారు, మొదటి మూడు నెలల్లో అప్రెంటిస్ చేతికి ఏ తరహా పని ఇస్తారు, రాసిన కోడ్‌ను ఎవరు చూసి దిద్దుతారు, చిక్కుకున్నప్పుడు ఎంతసేపు సొంతంగా ప్రయత్నించాక అడగమంటారు. చివరిదాని జవాబు నిజంగా తెలుసుకోవాలని ఉంది.

వీడియో ఏర్పాట్లు కూడా ఈ రోజే చూశాను. వెలుతురు ముఖం మీద పడేలా బల్ల తిప్పాను. మాట్లాడేటప్పుడు తెర మీది ముఖాన్ని కాక కెమెరాను చూడటం సాధన చేశాను. లైన్ పోతే ఫోన్ నుంచి చేరడానికి లింకు అక్కడ కూడా పెట్టుకున్నాను.

18వ రోజు

నాకు మొదట ప్రోగ్రామింగ్ నేర్పిన మాస్టారు అడగగానే ఒప్పుకుని 45 నిమిషాలు నిజమైన ఇంటర్వ్యూలాగే నడిపారు. మొదటి అరగంట బాగానే సాగింది. అప్పుడు, డేటాబేస్‌లో ఇండెక్స్ అంటే ఏమిటని అడిగారు. పేరు విన్నాను, ఎప్పుడూ వాడలేదు. వెతకడం తొందరగా అవుతుందని, మెమరీలో ఉంటుందని, ఏవేవో చెప్పుకుంటూ పోయాను.

“ఆగు. నీకిది తెలుసా, ఊహిస్తున్నావా?” అన్నారు.

“ఊహిస్తున్నానండీ.”

“ఊహించడం తప్పు కాదు. ఊహ అని చెప్పకుండా ఊహించడం తప్పు. రేపు పనిలో నువ్వు చెప్పిన మాట నమ్మి ఇంకొకరు ఏదో ఒకటి మారుస్తారు. ఎక్కడిదాకా నీకు తెలుసో, ఎక్కడి నుంచి అంచనానో గీత గీసి చెప్పు. మళ్లీ మొదలుపెట్టు.”

మళ్లీ మొదలుపెట్టాను. ఇండెక్స్ నేను వాడలేదని, పుస్తకం చివర పదాల సూచికలాంటిదని విన్నానని చెప్పి, అక్కడి నుంచి నాది ఊహేనన్నాను. సూచిక అక్షరక్రమంలో ఉంటుంది కాబట్టి మధ్యకు విరిచి వెతికినట్టు తొందరగా వెతకవచ్చునని, అయితే పుస్తకానికి కొత్త పేజీ చేరినప్పుడల్లా సూచికను కూడా దిద్దాలి కాబట్టి రాయడం నెమ్మదిస్తుందేమోనని చెప్పాను. మాస్టారు నవ్వి, రెండోది నీ అంతట నువ్వే చేరుకున్నావు కదా అన్నారు. నిజమే, మొదటిసారి గబగబా మాట్లాడినప్పుడు ఆ మాట నాకు తట్టనే లేదు. సాయంత్రం చిన్న డేటాబేస్‌లో లక్ష వరుసలు పోసి ఇండెక్స్‌తోనూ, లేకుండానూ వెతికి చూశాను. చదవడం తొందరైంది, రాయడం కొంత నెమ్మదించింది.

20వ రోజు

కొత్తది ఏదీ చదవకూడదని ముందే అనుకున్నాను, దానికి కట్టుబడ్డాను. మూడు మైలురాళ్లు, పొరపాటు కథ, అడగాల్సిన నాలుగు ప్రశ్నలు ఒకే కాగితం మీద రాశాను. ‘మీ గురించి’ నిమిషం 35 సెకన్లు. చిరునామా ప్రశ్న 2 నిమిషాల 5 సెకన్లు. ఆ 5 సెకన్లను వదిలేశాను.

21వ రోజు

ఇంటర్వ్యూ అయింది. మర్చిపోకముందే రాస్తున్నాను.

ఇద్దరు మాట్లాడారు. నా గురించి అడిగిన భాగం త్వరగా ముగిసింది. చిన్న సమస్య నేను సాధన చేసినవాటిలో లేదు, కానీ ఉదాహరణ చేత్తో చేస్తూ మాట్లాడటం వల్ల ఒకచోట నేను తప్పు దారి పట్టినప్పుడు వాళ్లే ఒక మాటతో వెనక్కి తిప్పారు. మౌనంగా ఉండి ఉంటే తిప్పడానికి వాళ్లకు అవకాశమే ఉండేది కాదు. చిరునామా ప్రశ్న రానేలేదు.

ఎక్కువ సమయం నా పనిముట్టు మీదే గడిచింది. హ్యాష్ కలిస్తే ఫైళ్లు ఒకటేనని ఎలా నమ్ముతారని అడిగారు, అక్క అడిగిన ప్రశ్నే అది. పద్దుల మొత్తం కలవడం గురించి చెప్పాను, ఆ ఆలోచన అక్కదని కూడా చెప్పాను. పొరపాటు కథలో 34కు బదులు 9 పరీక్షలు నడిచాయన్న చోట వాళ్లలో ఒకరు ఆపి, ఆ అంకెను ఎలా గమనించానని మళ్లీ అడిగారు.

అప్పుడు రెండోవారు ఒక ప్రశ్న వేశారు. ఫైళ్లు ఒకటేనని మీ ప్రోగ్రాం తేల్చుకున్న క్షణానికీ, వాటిలో ఒకదాన్ని తరలించే క్షణానికీ మధ్య ఎవరైనా ఆ ఫైలును మార్చితే ఏమవుతుంది?

ఈ సంగతి నేను ఎప్పుడూ ఆలోచించలేదని చెప్పాను. ఇక్కడి నుంచి అంచనాయేనని చెప్పి, ఆలోచనను బయటకే పెట్టాను. వేల ఫైళ్లు చూడటానికి నిమిషాలు పడుతుంది కాబట్టి ఆ మధ్య సమయం చిన్నది కాదు. మారిన ఫైలును నకలు అనుకుని తరలిస్తే కొత్త సమాచారం ఉన్న ఏకైక ప్రతి పక్కకు పోతుంది. తరలించే ముందు పరిమాణాన్నీ, చివరిసారి మారిన సమయాన్నీ మళ్లీ చూసి, తేడా ఉంటే ఆ ఫైలును వదిలేయవచ్చునన్నాను. ఆయన, ఆ చూడటానికీ తరలించడానికీ మధ్య మారితేనో అన్నారు. ఆ సందు చిన్నదవుతుంది గానీ పూర్తిగా మూసుకోదని, చెరిపేయడం లేదు కాబట్టి పోయినది ఆ వేరే ఫోల్డర్‌లో దొరుకుతుందని, అంతకుమించి ఎలా మూయాలో నాకు తెలియదని చెప్పాను. తల ఊపి, ఈ రకం లోపానికి సరిచూసిన వేళకూ వాడిన వేళకూ మధ్య తేడా అన్న అర్థంలో ఒక పేరు ఉందని చెప్పారు. రాసుకోవచ్చా అని అడిగి రాసుకున్నాను.

ఫలితం చెప్పడానికి 10 రోజులు పడుతుందన్నారు. కాల్ ముగిశాక కాసేపు ఊరికే కూర్చుని, తర్వాత ప్రాజెక్టు తెరిచాను. తరలించే ముందు మళ్లీ సరిచూసే భాగం 12 వరుసల్లో కుదిరింది. దానికి పరీక్ష రాయడం కొంచెం కష్టమైంది, ఎందుకంటే రెండు పనుల నడుమ ఫైలును కావాలనే మార్చే ఏర్పాటు చేయవలసి వచ్చింది. కమిట్ సందేశంలో ఇలా రాశాను: ‘పోల్చిన తర్వాత మారిన ఫైలును తరలించకుండా వదిలేస్తుంది. ఈ లోపాన్ని నేను కనుక్కోలేదు, ఇంటర్వ్యూలో అడిగితే తెలిసింది. చూడటానికీ తరలించడానికీ మధ్య చిన్న సందు ఇంకా మిగిలే ఉంది.’ పరీక్షలు నడిపాను. 41 నడవాలి, 41 నడిచాయి.